జబ్బు చేసిన అయస్కాంతం

సార్‌కి నమస్కారం.

బుధవారం కొలవాల్సిన స్ఫటికం నా దగ్గర లేదు. టాంటలం సల్ఫైడ్ పొరల మధ్య ఇనుము చొప్పించి పెంచిన ఆ ఒక్క మంచి ముక్కనీ, మా అవ్వకి చూపిద్దామని అనంతగిరి తెచ్చాను. తప్పే.

అవ్వ పాత రేడియో అయస్కాంతం తగిలించి చూసింది. అంటుకోలేదు. సున్నాకి నూటపది డిగ్రీలు కిందకెళ్తేనే అంటుకుంటుందని చెప్పాను.

"మన సలి సాలదేటే గుంటా? దీనికి జబ్బు సేసింది" అని కొండదేవుడి గద్దె మీద పెట్టేసింది. అక్కడ పెట్టినది నయమయ్యేదాకా తీయకూడదు.

అయస్కాంతానికి అంటుకుంటే నయమైనట్టేనని పూజారి ఫల్గుణ తాత ఒప్పుకున్నాడు. దయచేసి ద్రవ నైట్రోజన్ బేగి తీసుకురండి.

నయమయ్యాక దేవుడికి కోడినివ్వాలి. అది కూడా మీరే తేవాలట. జబ్బు మీ ల్యాబులోనే పుట్టిందని తాత తేల్చాడు.

మీ విద్యార్థిని