గోడలో కాపురం

జూలై 4, ఉదయం

దొరసాని నిన్నటి నుంచి మేత ముట్టలేదు. మామూలుగా అయితే తొట్టి ఖాళీ అయ్యేదాకా మా ఆవుకి మనుషులు ఆనరు. ఇవాళ చెవులు వేలాడేసి నిలబడింది. ఎండదెబ్బ అంది అత్తయ్య. చెవి వెనక చెయ్యి పెడితే ఆముదపు గింజల్లా పిడుదులు! రోజూ పీకుతూనే ఉన్నాం, రోజూ ఉంటున్నాయి. ఒకదాన్ని సీసామూతలో వేసి, ఈయన వాచీలు బాగుచేసే అద్దంతో చూశాను. ఎనిమిది కాళ్లు. ముందు రెండూ గాల్లో ఊపుతోంది, ఎవరినో పిలుస్తున్నట్టు. అది నేను కంట్లో పెట్టుకునే అద్దమే తల్లీ అని ఈయన ఒకటే గోల.

సాయంత్రం

పశువుల డాక్టరమ్మ వచ్చింది. ఆవు ఒళ్లు కాలిపోతోంది. భుజం ముందు నిమ్మకాయంత గడ్డ. చెవి నుంచి రక్తం చుక్క తీసి గాజుపలక మీద పూసింది. నా ప్రశ్నలకి విసుక్కోకుండా, స్కూటర్ ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్లి, పలకకి రంగు అద్ది మైక్రోస్కోప్‌లో చూపించింది. ఎర్ర కణాల్లో చిన్నచిన్న ఉంగరాలు. కొన్ని కామాల్లా. థైలేరియా అట. పిడుదు తాగే రక్తంతో కాదు, కుడుతూ లోపలికి వదిలే ఈ క్రిములతోనే ప్రాణం మీదికి వస్తుందట. అందంగా ఉన్నాయి అనుకున్నాను. అనుకున్నందుకు సిగ్గేసింది.

మళ్లీ వచ్చి ఇంజెక్షన్ చేసింది. బతుకుతుందా అంటే, రక్తం బాగా తగ్గిపోయింది, చూద్దాం అంది.

జూలై 5

నీళ్లు తాగింది. అంతే.

జూలై 6, మధ్యాహ్నం

ఇంతకీ పీకేకొద్దీ ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఉండబట్టలేక డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఆవు వాటికి హోటల్ అంది. తిని దిగిపోతాయట. కాపురం, పిల్లాజెల్లా అంతా గోడ పగుళ్లలోనే. పీకినవాటిని ఏం చేస్తున్నారు అని అడిగింది. గోడవారకి విసిరేస్తాం అన్నాను. అంటే మీరే వాటిని ఇంటికి సాగనంపుతున్నారన్నమాట అంది.

తలపిన్ను తీసి కొట్టం గోడ పగుల్లో దూర్చాను. ఒకటి వచ్చింది. తర్వాత బిలబిలమంటూ వచ్చాయి. చెయ్యి దులుపుకుంటూ బయటికి పరుగు!

మందు కొట్టి పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్చాలట. అత్తయ్య ససేమిరా అంది. చనిపోయిన మామయ్య ఒక్కో రాయీ మోసి కట్టిన గోడ అది. ఆయన చెయ్యి పడినచోట ఇంకొకరి తాపీ పడకూడదంది. ఈయన్ని అడిగితే, గోడ మీద పిల్లి. కోపంలోనూ నవ్వొచ్చింది.

దొరసాని పడుకుని లేవడం లేదు.

జూలై 7

పొద్దున్నే అత్తయ్య వచ్చి, అదేదో నాకూ చూపించు అంది. అద్దం ఇచ్చి గోడ దగ్గరికి తీసుకెళ్లాను. పగులు లోపల తేనెరంగు గుడ్లు, కుప్పలుగా. చాలాసేపు చూసింది.

పోయినేడు చచ్చిపోయిన పెయ్యకీ భుజం ముందు గడ్డే కదా అంది.

అవునన్నాను. నేను తడిగడ్డి వేసినందుకే పోయిందని అప్పట్లో నెలల తరబడి నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు అద్దాన్ని కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. అయితే నీ గడ్డి కాదన్నమాట అంది.  

కాసేపటికి తనే అంది, సిమెంటు నేను మెత్తుతాను, ఇంకెవరూ ముట్టుకోవద్దు. మీ మామయ్య కట్టింది ఆవుల కోసమే కదా.

జూలై 9

నిన్న ఆవుని గోనెపట్టా మీద బయటికి లాగాక, గ్లౌజులు వేసుకుని ఈయన మందు కొట్టారు. ఇవాళ అత్తయ్య పగుళ్లు పూడుస్తూనే ఉంది. నేను చెయ్యి వేస్తే, ఇది దోసెపిండి కాదు అని కసిరింది. ఇకమీదట పీకినవన్నీ కిరోసిన్ డబ్బాలోకే.

మధ్యలో బయట పెద్ద అరుపు. దొరసాని లేచి నిలబడింది! గుప్పెడు గడ్డి పెడితే లాక్కుంది. డాక్టరమ్మ వచ్చి చిగుళ్లు చూసి, రంగు తిరుగుతోంది, గండం గడిచినట్టే అంది. అత్తయ్య సిమెంటు చేతుల్తోనే కూలబడి ఏడ్చింది.

జూలై 10

దొరసాని తాడు విప్పుకుని వచ్చి, అత్తయ్య అప్పుడే మెత్తిన తడి సిమెంటులో ముట్టె పెట్టేసింది. గుర్తు అలాగే పడిపోయింది. చదును చేద్దామంటే అత్తయ్య తాపీ దాచేసింది.