నీ కొల్లేటి గట్టు

అన్నయ్యా,

పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో నువ్వు పాడే పాటను నేను నా గొంతుతో కవర్‌గా పాడి విడుదల చేస్తున్నాను. పాటలో ఉన్నది 'కోనేటి గట్టున'. నువ్వు మాత్రం ఎప్పుడూ 'కొల్లేటి గట్టున' అనేవాడివి. పక్కనే కోరస్ పాడుతూ నేను గిల్లితే, "మనకున్నది కొల్లేరే కదే" అని నవ్వేవాడివి.

వట్లూరు స్టూడియో ఆయన, "కవర్‌కి అనుమతి ఉన్నా మాట మార్చకూడదండీ. మార్చాలంటే పాట రాసినాయన ఒప్పుకోవాలి" అన్నారు. ఆ పెద్దాయనకు ఫోన్ చేశాను. నువ్వు పోయి ఏడాదైందని కూడా చెప్పేశాను. ఆయన, "కొల్లేరనే పాడమ్మా, కాగితం రాసి పంపిస్తాను" అన్నారు.

నిన్న మైకు ముందు 'కొల్లేటి గట్టున' అని పాడాను. వెంటనే నా చెయ్యి పక్కకు వెళ్లింది, నిన్ను గిల్లడానికి.