చమేలి కుడి పక్క

నల్లమాడ,
12-4-2001.

చిరంజీవి హనుమంతరాయుడికి అన్న అంజినప్ప దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ వదిన చౌడేశ్వరి, గొర్రెలు బాగానే ఉన్నాం. బెంగళూరు గుర్రాల ఫారంలో నీకు తిండీ నిద్రా సక్రమంగా ఉన్నాయని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. గుర్రం వెంట్రుకలు కత్తిరించే మిషన్ల సంగతి రెండు పేజీలు రాశావు. రెండుసార్లు చదివితేగానీ నాకు తలకెక్కలేదు. అడిగినవాటికి వరసగా చెప్తాను.

నీ గుర్రం చమేలి వెంట్రుక ఎంత పొడవని అడిగావు. వేలు పెడితే రెండు కణుపులు మునుగుతాయి. చలికి పెరిగిన వెంట్రుక శివరాత్రికల్లా రాలాలి. ఉగాది కూడా వెళ్లింది, రాలలేదు. ముసలి గుర్రాలకు ఇదొక జబ్బనీ, తీసెయ్యకపోతే ఎండాకాలం గడవదనీ రాశావు. నిజమే. పొద్దున పదికే వగరుస్తుంది, మేత సగం వదిలేస్తుంది. మీ వదిన తడిగోనె కప్పుతుంది గాని కాసేపటికే ఆరిపోతుంది.

పగలు కరెంటు ఉంటుందా అన్నావు. ఉండదు, కాబట్టి వైరు మిషను వద్దు. చేత్తో నొక్కేదానితో ఒళ్లంతా తియ్యాలంటే రెండు రోజులు పడుతుందని నువ్వే రాశావు. అంతసేపు అది నిలబడదు. చార్జింగు పెట్టుకునేదే తీసుకో. పళ్లు వెడల్పుగా ఉన్నవి చూడు, మన దుమ్ముకు సన్నపళ్లు పనికిరావు. ముందుగా కడిగి ఆరబెట్టాలన్నావు. నీళ్లు తాను మోసుకొస్తానని మీ వదిన చెప్పింది.

అన్నిటికంటే ముఖ్యం, చప్పుడు చెయ్యనిది కావాలి. కొట్లో ఆన్ చేయించి చెవి దగ్గర పెట్టుకుని మరీ చూడు. చూడ్డానికి కత్తెరలా ఉండేది అసలే తేవద్దు. కారణం కింద రాస్తాను.

వాన ఊసు లేదు. గొర్రెలను కర్ణాటక పక్కకు తోలుకుపోదామని మనతో గొర్రెలు మేపే నల్లప్ప అంటున్నాడు. నేనింకా ఏమీ చెప్పలేదు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం అందడానికి మూడు రోజుల ముందే, శుక్రవారం నాడు, నేను చమేలికి వెంట్రుకలు తియ్యబోయాను. ఏడాదికి రెండుసార్లు ఊరందరి గొర్రెలకూ ఉన్ని తీసే చేతులు నావి. నువ్వు ముందే చెప్పి ఉన్నా, గుర్రానికి మిషనేమిటి, తమ్ముడు పట్నం పోయి గొప్పలు నేర్చాడు అనుకున్నాను. తోడుకు నల్లప్పను పిలిచాను. మన పద్ధతి నీకు తెలిసిందే. నాలుగు కాళ్లు కలిపి కట్టి, పక్కకు పడేసి, మెడ మీద మోకాలు పెట్టడం.

మీ వదిన అడ్డమొచ్చింది. "అది గొర్రె కాదు. ఫారంలో నిలబెట్టి తీస్తారని రాయుడు చెప్పలేదా? వాడు వచ్చేదాంకా ఆగు."

"ఏ జీవమైతే ఏముండాది? కింద పడితే అన్నీ ఒకటే" అన్నాను.

గొర్రెను పడేస్తే కాసేపటికి ఊరుకుంటుంది. చమేలి కూడా ఊరుకుంది. లొంగిందనుకున్నాను. మెచ్చుకున్నాను కూడా. ఉన్ని కత్తెర టకటకలాడిస్తూ ఎడమ పక్క మొత్తం తీశాను. కుడి పక్కకు తిప్పబోయేసరికి ఒక్కసారిగా తన్నుకుంది. తాడు తెగింది. లేవబోయి వెనకకాలు మెలికపడింది.

కదిరి నుంచి పశువుల డాక్టరును పిలిపించాను. "ఎముక ఇరగలేదు. కాలు నెలకు సరైపోతాది. అది ఊరుకోలేదప్పా, బయంతో బిగుసుకపోయినాది. ఆ బయం ఎప్పుడు పోతాదో నేను చెప్పలేను" అన్నాడు. కుడి పక్క పదిహేను రోజుల్లోగా తీసెయ్యాలని కూడా అన్నాడు. లేకుంటే ఈ ఎండకు బతకదట.

ఇప్పుడది ఒక పక్క నున్నగా, ఒక పక్క గొంగడి కప్పుకున్నట్టు ఉంది. పిల్లలు చూసి నవ్వుతున్నారు. నేను కొట్టంలో అడుగుపెడితే గోడకు అతుక్కుని వణుకుతుంది. నా చేతి మేత ముట్టడం లేదు, మీ వదినే పెడుతోంది.

నాకు సిగ్గుగా ఉంది, రాయుడూ. మూడేళ్ల కింద నువ్వు దాన్ని నన్ను నమ్మి ఇక్కడ వదిలావు. సోమవారమే రాయాల్సింది. కాగితం ముందర పెట్టుకుని మూడు రోజులు గడిపాను.

మిషను పార్శిలు చెయ్యొద్దు. సెలవు అడిగి, వారం లోపల నువ్వే తీసుకుని రా. నిలబెట్టి ఎట్లా తీస్తారో నాకు నేర్పు. జీవాన్ని ఎట్లా పట్టుకోవాలని నేను ఇంతవరకూ ఎవరినీ అడిగినవాణ్ణి కాను. నీకు నేర్పింది కూడా నేనే. ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వు పని చేసేటప్పుడు నేను వాకిట్లో నిలబడి చూస్తాను. నువ్వు రమ్మంటేనే లోపలికి వస్తాను.

ఇట్లు,
నీ అన్న,
అంజినప్ప.