బావ పేరు చీటీ అంటించిన మిఠాయి పెట్టె

అక్కా, కోపం తెచ్చుకోనని శీలవ్రతం పట్టి ఈ విహారంలో చేరినదాన్నే. అయినా ఈ కార్డు కోపంతోనే రాస్తున్నాను.

ఇక్కడే భిక్షువుగా ఉన్న నీ కొడుకు తవిన్ స్వామి ప్రాణానికి భయం లేదు. షుగరు ముదిరి మంగళవారం ఎడమకాలి బొటనవేలు తీసేశారు. నీకు చెప్పొద్దన్నాడు, చెబుతున్నాను.

ఈ ఉదయం కట్టుకాలితో భోజనానికి కూర్చున్నాడో లేదో, బస్సులో నీ పెట్టె వచ్చింది. మళ్ళీ అదే, పాకంలో వండిన గుడ్డుసొన తీగల మిఠాయి! పెట్టె మీద చనిపోయిన బావ పేరు రాసిన చీటీ!

"వద్దు స్వామీ, డాక్టరు అంత తిట్టాడు కదా" అన్నాను.

"భిక్షగా పెట్టింది తినాలి గాని వంకలు పెడతామా పిన్నీ? నేను తింటేనే నాన్నకు చేరుతుందంటుంది అమ్మ" అని నవ్వుతూ పెట్టె ఖాళీ చేశాడు. నేను దండం పెట్టాల్సినవాడి చేతిలోంచి ఎలా లాక్కోను? ఊరంతా రోజూ భిక్షాపాత్రలో వేసే కొబ్బరిపాల తీపి చాలదనా, నువ్వు కూడా?

ఇంటికప్పు కారడం ఆగిందా? గేదె ఈనిందా? వచ్చే బస్సుకు కాకరకాయలు, కట్టుకు మెత్తటి పాతగుడ్డలు పంపు. త్రిరత్నాలు నిన్ను చల్లగా చూడాలి.

బావ కూడా ఈ జబ్బుతోనే పోయాడు. ఆఖరి ఏడాది ఆయన ఎంత బతిమాలినా నువ్వు చక్కెర డబ్బా తాళం తియ్యలేదు. ఆ బాధతోనే ఈ పెట్టెలు పంపుతున్నావని నాకు తెలుసు. ఆ తాళం ఎక్కడ పెట్టావో వెతుకు, అక్కా. కొడుకు ఇంకా బతికే ఉన్నాడు.

నీ చెల్లెలు,
బువాలై