గుణ కంప్యూటర్‌లో ఎనిమిది జీబీ

తిరువళ్ళూరు

ప్రియమైన రాజన్నకు, నీ చెల్లెలు సుజాత నమస్కరించి రాస్తున్నది. నా ఒంట్లో బాగానే ఉంది, దిగులు పడవద్దు. నువ్వూ, వదినా, అమ్మా, నాయనా కులాసాగా ఉన్నారని తలుస్తాను. వదినకు చెయ్యి కాలిందన్నావు, పుండు ఆరిందా? నాయన దగ్గు తగ్గిందా? మగ్గాల దగ్గర ఆ దూదిదుమ్ములో ఎక్కువసేపు కూర్చోవద్దని నేను చెప్పానని చెప్పు.

ఇక్కడ అప్పుడే ఉక్క మొదలైంది. హాస్టల్ గదిలో నలుగురం, ఫ్యాను ఒకటే. మెస్‌లో రోజూ సాంబారు, రసం, మజ్జిగ. కారమన్నది లేదు. వీలైతే వదిన చేత చెనిగ్గింజల పొడి చేయించి పంపు. తోచనప్పుడు స్టేషన్ దాకా నడిచి, రేణిగుంట వైపు పోయే బండిని చూసి వస్తాను. ఆ బండి ఎక్కితే రెండు గంటల్లో మన వైపు వచ్చేస్తానని తెలుసు. అయినా ఇక్కడి వీధులు ఇంకా నావి అనిపించడం లేదు. నేను బాగానే ఉన్నాను, మళ్ళీ చెబుతున్నాను.

గేములు ఆడుకోవడానికి పాత కంప్యూటర్ ఒకటి కొంటాననీ, మెమరీ ఎంత ఉండాలనీ అడిగావు. ఫోన్‌లో ఒక్క ముక్కలో చెప్పేదాన్నే. కానీ దాంతోపాటు చెప్పాల్సింది ఇంకోటి ఉంది. గదిలో అందరూ వింటూ ఉంటే నోరు రాలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నేను గేమింగ్ సెంటర్లో కౌంటర్ దగ్గర పని చేస్తున్నానని నీకు తెలుసు కదా. యజమాని తమ్ముడు దినేష్ దాన్ని చూసుకుంటాడు. పాత కంప్యూటర్లు అమ్మేదీ అతనే. అతనికి నలుగురున్న జట్టు ఒకటి ఉంది. ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని, చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని, సాయంత్రాలు తుపాకుల ఆట ఆడతారు. దినేష్ మాత్రం సెంటర్లోనే ఆడతాడు. ఆ ఆటను గోడమీది పెద్ద టీవీలో వేస్తాడు. చూడటానికి జనం పోగవుతారు.

ఆ జట్టులో నాలుగో మనిషి గుణశేఖర్. మన తెలుగువాళ్ళే, ముప్పై ఏళ్ళుంటాయి. నేను గుణన్నా అని పిలుస్తాను. తిరుత్తణిలో కొండ కింద మొక్కుబడి గుండ్లు కొట్టే పని. చంటిబిడ్డలకు పుట్టువెంట్రుకలు తీయించేందుకు తల్లులు అతని వంతు వచ్చేదాకా కాచుకుని కూర్చునేవాళ్ళట. బిడ్డ నిద్రలేవకుండా గుండు చేసేవాడని అక్కడివాళ్ళే నాకు చెప్పారు. పెళ్ళి కాలేదు. మెట్ల కింద ఒక గదిలో ఒంటరిగా ఉంటాడు. దినేష్ దగ్గరే కంప్యూటర్ కొన్నాడు.

ఆటలో అతను అందరికన్నా వెనకబడేవాడు. ఎదుటివాడు కనబడి కాల్పులు మొదలయ్యే సమయానికి గుణ బొమ్మ ఉన్నచోటే బిగుసుకుపోయేది. మళ్ళీ కదిలేసరికి చచ్చి పడి ఉండేవాడు. టీవీ ముందు జనం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. జట్టువాళ్ళు హెడ్‌సెట్‌లో నీ చెయ్యి మందం, నీ కన్ను మందం అని తిట్టేవాళ్ళు. అతను బిగుసుకుపోయిన చోట్లన్నీ ఏరి దినేష్ ఒక వీడియో చేశాడు. ఆట లేనప్పుడు దాన్నే వేసేవాడు. వాళ్ళు అతనికి పెట్టిన పేరు ఎట్టు. తమిళంలో ఎనిమిది. ఎందుకలా పిలుస్తారో నాకప్పుడు తెలియదు. గుణకూ తెలియదు. జట్టులో తన నెంబరు అనుకున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం అతను సెంటర్‌కు వచ్చాడు. బనియను మీద ముందూ వెనకా పెద్ద ఎనిమిది అచ్చు వేయించుకున్నాడు. దినేష్‌కు చూపించి మురిసిపోయాడు. తర్వాత నా కౌంటర్ దగ్గరికి వచ్చి రెండు చేతులూ చాపి, వణుకుతున్నాయేమో చూడమన్నాడు. వణకడం లేదని చెప్పాను. నమ్మలేదు. కంటి డాక్టరు దగ్గరికి పోయి వచ్చాడట, కళ్ళు బాగున్నాయన్నారట. తప్పంతా చేతిదేనని తేల్చుకున్నాడు. కత్తి పట్టుకుంటే ఆట గుర్తొచ్చి, ఇప్పుడు చెయ్యి ఆగిపోతుందేమోనని భయం పుట్టిందట. ఆ భయంలో ఒక బిడ్డ తల మీద గీత పడింది. బిడ్డ తండ్రి అందరి ముందూ మెడ పట్టి తోశాడు. అప్పటినుంచి అతన్ని పనిలోకి రానివ్వడం లేదు. ఇదంతా నవ్వుతూనే చెప్పాడు.

అతను గడప దాటగానే దినేష్ ఆ బనియనును తలుచుకుని కూలబడి నవ్వాడు. నవ్వి నవ్వి చివరికి నాకు సంగతి చెప్పాడు. ఆ కంప్యూటర్‌లో ఉన్నది ఎనిమిది జీబీ మెమరీ, ఒక్క పుల్ల. పుల్ల అంటే లోపల గుచ్చే సన్నటి పలక. ఇప్పటి ఆటలు పదహారు అడుగుతాయి. కంప్యూటర్ తన పనికి కొంత వాడుకుంటుంది, మాటలు వినిపించే ప్రోగ్రాం కొంత తింటుంది, మిగిలింది ఆటకు చాలదు. గొడవ పెరిగే సమయానికి మెమరీ నిండిపోతుంది. అప్పుడు అది డిస్కు మీద వెతుక్కుంటూ కూర్చుంటుంది, బొమ్మ బిగుసుకుపోతుంది. అది తెలిసే అమ్మాడు. తెలిసే ఆ పేరు పెట్టాడు, జట్టులో మిగతా ఇద్దరికీ చెప్పాడు.

గుణన్న పని పోయిందని చెప్పాను.

"దానికి నేనేం జేసేది? గుండు కొట్టమని నేను చెప్పినానా?" అన్నాడు దినేష్. "నువ్వు ఆయప్పకు చెప్పొద్దు సుజాతా. వాడు బాగా ఆడితే ఈ టీవీ ముందర ఎవురు నిలబడతారు?"

అందుకని అన్నా, నీకు ఎవరైనా ఎనిమిది చాలునంటే నమ్మవద్దు. చదువుకూ ఉత్తరాలకూ అది సరిపోతుంది, ఆటకు పనికిరాదు. పదహారు ఉండాలి. అదీ ఎనిమిది జీబీ పుల్లలు రెండు ఉంటే ఒకే పుల్ల కన్నా మేలు. కొత్తగా వచ్చే పెద్ద ఆటలు కొన్నేళ్ళు ఆడుకోవాలంటే ముప్పై రెండు మంచిది. కానీ మెమరీ ధరలు ఇప్పుడు మండిపోతున్నాయి, కాబట్టి పదహారుతో మొదలుపెట్టు. తర్వాత పెంచుకునే చోటు ఉందో లేదో మూత విప్పించి చూసి కొను.

నా సెలవురోజున ఇంకో అంగడిలో ఎనిమిది జీబీ పుల్ల ఒకటి కొని తిరుత్తణి బండి ఎక్కాను. గుణ చేత కంప్యూటర్ ఆన్ చేయించి, ఆట మొదలుపెట్టకముందే మెమరీ సగం దాకా నిండి ఉండటం చూపించాను. నీ చేతిలో ఏ తప్పూ లేదన్నా, దీంట్లో చోటు చాలడం లేదు అన్నాను. కంప్యూటర్ ఆపి, మూత విప్పి, కొత్త పుల్ల పాత దాని పక్కన పెట్టాను. సాయంత్రం జట్టు ఆట మొదలైంది. నేను పక్కనే కూర్చున్నాను. అన్నా, ఆ చేతుల్ని నువ్వు చూసి ఉండాల్సింది. ఎదుటివాళ్ళు తల ఎత్తేలోపే పడిపోతున్నారు. దినేష్‌ను కాచినవాడూ గుణే, ఆట గెలిపించినవాడూ గుణే.

ఆట అయ్యాక హెడ్‌సెట్‌లో దినేష్ గొంతు వినిపించింది. ఏం మార్చావని అడిగాడు. గుణ సంతోషం పట్టలేక, సుజాత వచ్చి మెమరీ వేసిందని చెప్పేశాడు. అంతే. జట్టులోంచీ వాళ్ళ ఫోన్ గ్రూపులోంచీ అతన్ని తీసేశారు. నాకు ఫోన్ వచ్చింది. రేపటినుంచి రావద్దన్నాడు దినేష్.

గుణ హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టాడు.

"దినేష్‌కు ముందే తెలుసునా?" అని అడిగాడు.

"తెలుసు గుణన్నా. అమ్మినప్పుడే తెలుసు."

"మిగతావాళ్ళకు?"

"అందురికీ తెలుసు."

అతను కంప్యూటర్ ఆపేశాడు. నువ్వు మళ్ళీ కత్తి పట్టుకోవచ్చు, చెయ్యి బాగుందని పోయి చెప్పు అన్నాను. బిడ్డ తల మీద నెత్తురు చూసినవాళ్ళు మెమరీ సంగతి వింటారా అన్నాడు. తర్వాత నా మొహం చూడకుండానే చెప్పాడు.

"నా చెయ్యిదే తప్పనుకుంటా ఉన్నెప్పుడు నాకు స్నేహితులుండిరి సుజాతా. నువ్వొచ్చి ఒక్క పొద్దులో అందుర్నీ తీసేస్తివి. బండికి టైమైంది, పో."

నేను వచ్చేశాను. ఏడవలేదు. ఏం తప్పు చేశానో ఆలోచించుకుంటూ బండిలో కూర్చున్నాను. నాకు ఇంకా తెలియలేదు.

పని పోయిందని అమ్మకు చెప్పవద్దు. బస్టాండు దగ్గర జిరాక్స్ అంగడిలో కుదిరాను, ఆ ముసలాయన మంచివాడు. నాకు ఏ లోటూ లేదు.

నిన్న నా టిఫిన్ డబ్బా తెచ్చుకుందామని సెంటర్‌కు పోయాను. నా కుర్చీలో గుణ ఉన్నాడు. దినేష్ కాళ్ళు పట్టుకుని నా కౌంటర్ పనిలో కుదిరాడట. టీవీ కిందే అతనికి ఒక కంప్యూటర్ పెట్టారు, తిరుత్తణి నుంచి తెచ్చిన అదే కంప్యూటర్. నన్ను చూసి సొరుగులోంచి కాగితంలో చుట్టిన పొట్లం తీసి ఇచ్చాడు. విప్పితే నేను వేసిన పుల్ల. తన చేత్తోనే తీసేశాడట. నేనేమీ అడగకముందే, "ఆ రూములో ఒక్కణ్ణే కూసోని ఎంత బాగా ఆడితే మాత్రం ఏం జేసుకునేదమ్మా? ఈడ టీ ఇస్తారు, మాట్లాడతారు" అన్నాడు.

జనం చేరారు. ఆట మొదలైంది. కాల్పుల దగ్గర అతని బొమ్మ బిగుసుకుపోయింది. అందరికన్నా ముందు గుణే నవ్వాడు. నవ్వి, మిగతావాళ్ళు కూడా నవ్వుతున్నారో లేదోనని వెనక్కి తిరిగి చూశాడు.

అమ్మకూ నాయనకూ నా తరఫున దండం పెట్టు. వదినకు నా ప్రేమ. నీ దీవెన నా మీద ఉండాలి.

నీ చెల్లెలు,
సుజాత