ఆదివారం క్లాసులో ఊద గడ్డి

రుక్మిణీ,

ఎలా ఉన్నావని అడగడం తెలివితక్కువే, అయినా అడుగుతున్నాను. నువ్వు వెళ్ళి ఏడు నెలలు నిండాయి. ఈ ఉత్తరం మన పిల్లల చేతికి దొరికినా చదవలేరు, వాళ్ళకు చదవడం తమిళమే కదా వచ్చు... అందుకని మొహమాటం లేకుండా రాస్తున్నాను.

వెంగల్లో వానలు బాగానే పడ్డాయి. నాట్లు అయ్యాయి, వెనకే కలుపూ వచ్చింది. ఈ మాట వింటే నువ్వు నవ్వేదానివి. నేను పీకి పారేసే మొక్కలకే కదా నువ్వు బొమ్మలు గీసింది! తిరువళ్ళూరు బడిలో డ్రాయింగ్ టీచరమ్మకు గులాబీలు దొరకలేదా అని ఊళ్ళో ఎంతమంది వెక్కిరించారు... నువ్వేమో, "కలుపు అని పేరు పెట్టేసినాక ఇంగ దాని మొగం ఎవురూ చూడరు బావా. నేనన్నా చూస్తా," అన్నావు.

పెళ్ళైన కొత్తలో నువ్వు నాలుగు రోజులుగా గట్టు మీద కూర్చుని గుంటగలగర మొక్క గీస్తుంటే, సాయం చేద్దామని నేను గట్టంతా శుభ్రంగా చెక్కేశాను. రైతు బిడ్డకు అంతకన్నా మర్యాద ఏం తెలుస్తుంది? రెండు పూటలు నాతో మాట్లాడలేదు. తర్వాత, "యాడ పారేసినావో ఆడికి తీసుకపో," అన్నావు. కుప్పలో వెతికి, దొరికినదాన్ని చెంబు నీళ్ళలో పెట్టి ఇచ్చాను. వాడిన ఆకుల్ని వాడినట్టే గీశావు. "ఎట్లుంటే అట్ల గీయాల. మనమేంది దాన్ని సింగారించేది?" అన్నావు. ఆ బొమ్మ కేజీ కండిగైలో మీ పుట్టింటి గోడ మీద ఇంకా ఉంది. చూసినప్పుడల్లా సిగ్గేస్తుంది, సంతోషంగానూ ఉంటుంది.

సరే, అసలు సంగతికి వస్తాను. మన వసారాలో పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పే నీ ఆదివారం క్లాసు ఆగిపోయేంత పనైంది.

నువ్వు పోయాక దాన్ని మల్లిక నడిపింది. పొన్నేరి నుంచి బస్సులు మారి వచ్చే నీ పెద్ద శిష్యురాలే... పాపం, ఆ అమ్మాయికి గీయడం వచ్చు గానీ తప్పు చెప్పడం రాదు. ఎవరేం గీసినా సూపర్ అంటుంది. నువ్వు "ఇది చూసి గీసినావా, తలుచుకోని గీసినావా?" అని ఒక్క మాట అడిగితే పిల్లలు మళ్ళీ మొక్క దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. మెచ్చుకోలు ఎక్కువైనా పిల్లలకు విసుగొస్తుందని నాకు ఇప్పుడే తెలిసింది. తొమ్మిది మంది నలుగురయ్యారు. ఒక ఆదివారం మల్లిక, ఇక తన వల్ల కాదు మామా అని ఏడ్చేసింది. ఆదివారం పొద్దున ఆ వసారా ఖాళీగా ఉంటే నేనెలా ఉండాలి? ఆ నిమిషంలో నా బాధ నాదే.

కాస్త మజ్జిగ ఇద్దామని దగ్గరికి వెళ్ళాను. ఆమె ఒళ్ళో తను గీసిన బొమ్మ ఉంది, అచ్చం వరిలాగే కనబడే ఊద గడ్డిది. చాలా అందంగా ఉంది. కానీ తప్పు! ఆకు కాడను పట్టుకునే చోట తెల్లటి పొర వేసింది. ఆ పొర వరికి ఉంటుంది, ఊదకు ఉండదు. పక్కనున్న వరిని చూసి వేసిందో, అందం కోసం వేసిందో... ఆ గుర్తుతోనే కదా మేం చేలో ఊదను ఏరేది. ఆ మాటే అన్నాను.

ఆమె కళ్ళు తుడుచుకుని, చూపించమంది. నలుగురు పిల్లల్నీ వెంటబెట్టుకుని మడికి పోయాం. వరి ఒకటి, ఊద ఒకటి పీకి వాళ్ళ చేతుల్లో పెట్టాను. బురదలో నిలబడి అరగంట చూశారు రుక్మిణీ, నువ్వు నేర్పినట్టే, పెన్సిలు ముట్టుకోకుండా. ఇంటికొచ్చి మల్లిక ఆ పొర చెరిపేసింది. మరుసటి వారం ఆరుగురు వచ్చారు.

ఇప్పుడు గీయడం ఆమె చెబుతుంది, తప్పులు నేను చెబుతాను. నలభై ఏళ్ళు కలుపు తీసినవాడికి ఇంత విద్య ఎక్కడిది? అంతా నీ పుణ్యం. నువ్వు గీస్తుంటే పక్కన గొడుగు పట్టుకుని నిలబడి నిలబడి, పీకేముందు ఒకసారి చూడటం నాకూ అలవాటైంది. నువ్వు ఉండగా ఈ మాట నీతో అనలేదు. ఎందుకనలేదో...

నువ్వు ఎన్నిసార్లు కాగితం చేతికిచ్చినా నేను గీయలేదు. కొడవలి పట్టిన చెయ్యి అని తప్పించుకునేవాణ్ణి. వచ్చే ఆదివారం తుంగ గీస్తారట, గడ్డతో సహా. మల్లిక నాకూ ఒక కాగితం తీసిపెట్టింది. ఈసారి కూర్చుంటాను, మాట ఇస్తున్నాను. వంకరగానే వస్తుంది. తప్పు చెప్పడానికి నువ్వు ఉండవు.

పిల్లలున్నారులే. వాళ్ళు చెబుతారు.

నీ బావ