ఆరుబయట రెండు గంటలు

నవంబర్ 4, సోమవారం

అమ్మాయిని కళ్ళ డాక్టరమ్మకి చూపించాం. పవర్ మళ్ళీ పెరిగింది. ఏడేళ్ళ పిల్లకి మైనస్ నాలుగున్నర. చీటీలో పవర్ కింద ఇంకో లైను రాసింది. రోజూ వెలుతురు ఉండగా ఆరుబయట రెండు గంటలు ఆట. ఇన్నేళ్ళుగా కళ్ళద్దాల షాపు నడుపుతున్నాను, చీటీలో ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. ఇది మందా అని అడిగాను. మందే అనుకోండి, వెలుతురు తగలాలి, దూరం చూడాలి, పవర్ పెరిగే స్పీడు తగ్గొచ్చు అంది. తగ్గొచ్చు అంది గాని తగ్గుతుంది అనలేదు. ఆ ముక్క నేను పట్టుకున్నాను. పిల్లకి పగలని లెన్సే వెయ్యండి, మీకు చెప్పక్కర్లేదనుకోండి అని కూడా అంది.

చీటీలో ఏది రాస్తే అది చేసి ఇవ్వడం నా పని. ఏ స్కూల్లోనూ నేర్చుకోలేదు. లెన్స్ అరగదియ్యడం పాత ఓనరు చేతులు చూసి పట్టుకున్నాను. ఈ లైను మాత్రం నా మెషీన్ మీద అరిగేది కాదు.

నేను షాపు వదలలేను. మా ఆవిడ చీకటి పడితే గాని పని నుంచి రాదు. నేను తీసుకెళ్తాలే బావా అన్నాడు మా బావమరిది. వాన్ డ్రైవరు, ఉద్యోగం పోయి మా ముందుగదిలో ఉంటున్నాడు. సరే అన్నాను.

నవంబర్ 6, బుధవారం

రిపేర్లు నాలుగు. కొత్త ఫ్రేము ఒకటి.

స్కూలు అవగానే అమ్మాయి షాపుకి వచ్చేది. కౌంటరు వెనక పొడుగు స్టూలు ఎక్కి, పాత ఫ్రేముల స్క్రూలు సైజు ప్రకారం డబ్బాల్లో వేసేది. నేను మాటలు వచ్చిన మనిషిని కాను. నా దగ్గర ఉంటే తనూ మాట్లాడేది కాదు. ఇద్దరం అలా పని చేసుకునేవాళ్ళం. రోజు మొత్తంలో నాకు ఇష్టమైంది ఆ కాసేపే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఈవేళ సరాసరి ఆటకి వెళ్ళిపోయింది. స్టూలు మీద ఎవరో కస్టమరు సంచి పెట్టాడు. తియ్యమన్నాను. ఆయన అదోలా చూశాడు.

నవంబర్ 9, శనివారం

మోకాళ్ళ దాకా మట్టి. భోజనం దగ్గర అడిగి మరీ పెట్టించుకుంది. రోజూ బతిమాలి తినిపించే పిల్ల. తింటున్నంతసేపూ మామయ్య కబుర్లే. మామయ్య నీళ్ళ ట్యాంకు కింద దాక్కున్నాడట, కాళ్ళు బయటికి కనిపించాయట, అందరూ నవ్వారట. నవ్వడానికి అందులో ఏముందో నాకు అర్థం కాలేదు. మా ఆవిడకి అర్థమైంది.

నవంబర్ 17, ఆదివారం

అమ్మాయికి నిద్ర బాగా పడుతోంది. పొద్దున లేపితే విసుక్కోవడం లేదు. కుక్క కనబడితే నా వెనక దాక్కునేది, ఇప్పుడు పక్కకి తప్పుకుని తన దారిన తను పోతోంది. ఎదురింటి పిల్లతో దెబ్బలాడి తనే వెళ్ళి మాట్లాడిందట. ఇవన్నీ మంచివే. తండ్రి అన్నవాడు సంతోషించాలి.

నేను ఏడేళ్ళలో చెయ్యలేనిది వాడు రెండు వారాల్లో చేశాడు. అదీ ఉద్యోగం లేకుండా, ఈల వేసుకుంటూ.

సాయంత్రం వాడు షాపుకి వచ్చాడు. ఇన్నాళ్ళూ పిల్లని కూడా షోకేసులో పెట్టి తాళం వేశావు కదా బావా అన్నాడు. షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. వాడు ఏమన్నా జనం నవ్వుతారు. నేను లెన్స్ తుడుస్తూ కూర్చున్నాను.

నవంబర్ 21, గురువారం

అమ్మాయి కొత్త కళ్ళద్దాలు పూర్తి చేశాను. గాజు లెన్స్ వేశాను.

పగలనిది వెయ్యమన్నారు కదా అంది మా ఆవిడ. గాజులో క్లారిటీ ఎక్కువ, గీతలు పడవు అన్నాను. నిజమే. ఏ కళ్ళద్దాల షాపులో అడిగినా ఆ మాటే చెప్తారు. పగలని లెన్స్ కూడా డ్రాయర్లోనే ఉంది.

నవంబర్ 22, శుక్రవారం

అమ్మాయికి చెప్పాను. ఇది గాజు, పరిగెత్తి పడితే పగులుతుంది, ముక్క కంట్లో గుచ్చుకుంటే చూపు పోతుంది, జాగ్రత్త అన్నాను. మరి ఆడుకోవద్దా నాన్నా అంది. కూర్చుని చూడు, చూడటం కూడా ఆటే అన్నాను. కాసేపు నా ముఖంలోకి చూసింది. సరే నాన్నా అంది.

నవంబర్ 23, శనివారం

షాపుకి వచ్చింది. స్టూలు ఎక్కింది. చాలా బాగుంది.

నవంబర్ 26, మంగళవారం

నిన్నటి నుంచి మళ్ళీ మైదానానికే. కూర్చుని చూస్తానని మాట ఇచ్చిందట. మా బావమరిది ఎగతాళి చేశాడు. బావా, పిల్లకి కళ్ళద్దాలు చేశావా, పూలకుండీ చేశావా, ఎక్కడ పెడితే అక్కడే కూర్చోవాలంటే ఎలా అన్నాడు. ఉద్యోగం సంగతి ఏమైంది అని అడిగాను. చూస్తున్నా బావా అన్నాడు. వెంటనే మాట మార్చాడు. అంత మాట అనకుండా ఉండాల్సింది. అన్నందుకు బాధ కూడా లేదు.

నవంబర్ 30, శనివారం

రాత్రి పడుకునే ముందు అమ్మాయి కళ్ళద్దాలు భూతద్దం కింద పెట్టి చూశాను. ఒక్క గీత లేదు. దుమ్ము లేదు. ముక్కు దగ్గర ప్యాడ్ల మీద చెమట మరక కూడా లేదు. మాట మీద నిలబడింది అనుకున్నాను. గర్వంగా అనిపించింది.

తర్వాత తన కాళ్ళ వంక చూశాను. మోకాలు చెక్కుకుపోయి ఉంది.

డిసెంబర్ 3, మంగళవారం

సాయంత్రం షాపు షట్టరు సగం దించి మైదానానికి వెళ్ళాను. మైదానం అంటే పెద్దది కాదు. నీళ్ళ ట్యాంకు వెనక ఖాళీ స్థలం, ఒక పక్క గోడ, ఇంకో పక్క ఇసుక కుప్ప. ఇంకా ఎండ ఉంది.

మొదట మా బావమరిది కనబడ్డాడు. గోడ మీద కూర్చున్నాడు. చొక్కా జేబులో మా అమ్మాయి కళ్ళద్దాలు. గుడ్డలో చుట్టి మరీ పెట్టుకున్నాడు, ఫ్రేము కొస మాత్రం బయటికి కనిపిస్తోంది.

మా అమ్మాయి కళ్ళద్దాలు లేకుండా పరిగెడుతోంది. రెండు చేతులూ ముందుకి చాచి పరిగెడుతోంది. మైనస్ నాలుగున్నరకి కళ్ళద్దాలు తీస్తే ఏం కనబడుతుందో నాకంటే బాగా తెలిసినవాడు ఆ చుట్టుపక్కల లేడు. జానెడు దూరం దాటితే అంతా మసకే. ఆ మసకలో పరిగెడుతోంది, పడుతోంది, లేస్తోంది, నవ్వుతోంది. ఇంత గట్టిగా నవ్వగలదని నాకు తెలియదు.

దాగుడుమూతలు. తనే దొంగ. పిల్లలు తన కోసం ఒక రూలు పెట్టారు. తను దొంగ అయినప్పుడు దాక్కున్నవాళ్ళు ఒక్కొక్కరూ చప్పట్లు కొట్టాలట. ఆ చప్పుడు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తుంది. మా బావమరిది నవ్వితే చాలు, చప్పట్లు అక్కర్లేదు, మామయ్య దొరికాడు అని దూరం నుంచే అరిచేస్తుంది.

నేను ట్యాంకు మెట్ల పక్కన నిలబడ్డాను. తను అటే వచ్చింది. చేతులు చాచుకుని వచ్చి నా చొక్కా పట్టుకుంది. తల పైకెత్తి చూసింది. నేను ఏదో ఒకటి అనాల్సింది. అమ్మా అన్నా సరిపోయేది. తను చొక్కా వదిలేసింది. సారీ అంకుల్ అంది. చప్పట్లు వినబడిన వైపు పరిగెత్తింది.

వాడు గోడ మీద నుంచి దిగి వచ్చాడు. బావా, పగిలితే నాన్న బాధపడతాడని రోజూ తనే తీసి నా చేతికి ఇస్తోంది, చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది, నువ్వు కోప్పడకు అన్నాడు. పిల్ల కంటికి ఏమవుతుందో అని కాదట. నేను బాధపడతానని.

షాపుకి తిరిగి వచ్చాను. షట్టరు ఎత్తలేదు.

డిసెంబర్ 4, బుధవారం

కావాలనే గాజు వేశారా అని మా ఆవిడ అడిగింది. అవునన్నాను.

డిసెంబర్ 5, గురువారం

పగలని లెన్స్ తీసి అరగదీశాను. అంచులు మామూలు కంటే ఎక్కువ నునుపు చేశాను. ఫ్రేముకి వెనక ఎలాస్టిక్ బెల్టు కుట్టాను. పడినా ఊడదు. పొద్దున పిల్లకి పెట్టాను. నాన్నా, ఇవి పగలవా అంది. పగలవు, ఎంత పరిగెత్తినా పగలవు అన్నాను. ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది. బెల్టు సరిచేశాను.

మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు.

డిసెంబర్ 8, ఆదివారం

ఇప్పుడు పిల్లకి అన్నీ కనబడుతున్నాయి. ట్యాంకు పైన పిట్ట గూడు ఉందట, అందరికంటే ముందు తనే చూసిందట. ఎవరు ఎక్కడ దాక్కున్నా పట్టేస్తోందట. ఇదేం అన్యాయం, దీనికి కళ్ళద్దాలు తీసెయ్యండి అని పిల్లలు గోల చేస్తున్నారట. ఇవన్నీ తను చెప్పింది మా బావమరిదికి. నేను పక్కగదిలో విన్నాను.

ఇంత చేసినా కబుర్లు వాడికే. నాకు సిగ్గు లేదు. ఇంకా అసూయగానే ఉంది.

డిసెంబర్ 19, గురువారం

మా బావమరిదికి ఉద్యోగం దొరికింది. వేరే ఊళ్ళో స్కూలు వాన్. పొద్దున వెళ్ళిపోయాడు. సంతోషం వేసింది. రాసుకునేది నా కోసమే కాబట్టి అబద్ధం ఎందుకు. చాలా సంతోషం వేసింది.

అమ్మాయి వాడి కాలు పట్టుకుని వదల్లేదు. వాడూ కళ్ళు తుడుచుకున్నాడు. మెట్లు దిగుతూ, బావా, నువ్వు కూడా అప్పుడప్పుడూ కాస్త ఎండలో ఆరు, బూజు పట్టిపోతావు అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. వాడి సంచి నేను బస్సు దాకా మోశాను. డబ్బాలో కట్టిన టిఫిను తీసుకోవడం మర్చిపోతే వెనక్కి పరిగెత్తుకెళ్ళి తెచ్చి ఇచ్చాను. నా పరుగు చూసి వాడు చప్పట్లు కొట్టాడు.

డిసెంబర్ 21, శనివారం

అమ్మాయి షాపుకి వచ్చింది. స్టూలు, స్క్రూలు, డబ్బాలు. నేను కోరుకున్నట్టే ఉంది అంతా. కాసేపటికి చూస్తే చిన్నవీ పెద్దవీ అన్నీ ఒకే డబ్బాలో వేస్తోంది. కళ్ళు వీధి మీద ఉన్నాయి. ఆటకి వెళ్ళవా అన్నాను. ఎవరు తీసుకెళ్తారు అంది. కోపంగా కూడా అనలేదు.

డిసెంబర్ 23, సోమవారం

సాయంత్రం రెండు గంటలు షాపు మూత అని అట్ట మీద రాసి కట్టాను. రిటైరైన లెక్కల మాస్టారు చదివి, బేరం వచ్చే టైముకి షట్టరు దించే వ్యాపారిని నిన్నే చూశానయ్యా అన్నారు. చీటీలో రాశారండీ అన్నాను. ఎవరి చీటీలో అన్నారు. షట్టరుకి తాళం వేసి బయల్దేరాను. అమ్మాయి నా వేలు పట్టుకుని లాగుతోంది.

మైదానంలో పిల్లలు నా చుట్టూ చేరారు. అంకుల్, మీకు ఏం ఆట వచ్చు అన్నారు. ఏదీ రాదన్నాను. పరిగెత్తడం అన్నారు. రాదన్నాను. దాక్కోవడం, రాదు. ఎదురింటి పిల్ల నన్ను పైనుంచి కిందకి ఒకసారి చూసింది. అయితే కదలకుండా నిలబడటం వచ్చా అంది. అది వచ్చన్నాను. నన్ను స్థలం మధ్యలో నిలబెట్టి స్తంభం చేశారు. దొంగ అయినవాళ్ళు వచ్చి నా పొట్టకి ముఖం ఆనించి, కళ్ళు మూసుకుని అంకెలు లెక్కపెట్టాలి. దాక్కున్నవాళ్ళు పరిగెత్తుకొచ్చి నన్ను ముట్టుకుంటే గెలిచినట్టు.

గంటకి పైగా నిలబడ్డాను. కాళ్ళు లాగేస్తున్నాయి. మెడ మీద ఎండ.

మే 5, సోమవారం

డాక్టరమ్మ మళ్ళీ చూసింది. పవర్ పెరగలేదు. ఇప్పుడే ఏమీ అనుకోవద్దు, ఇంకో ఆరు నెలలు చూద్దాం, ఆట మాత్రం మానొద్దు అంది. కొత్త లెన్స్ అక్కర్లేదంది. తర్వాత నా వైపు చూసి, మీరు కాస్త నల్లబడ్డారు అంది.

మే 7, బుధవారం

అమ్మాయి పెద్ద గొడవ చేసింది. కొత్తగా వచ్చిన పిల్లాడు దొంగ అయి నా పొట్టకి ముఖం ఆనించబోతే వాణ్ణి నెట్టేసింది. ఈయన మా నాన్న, నువ్వు గోడకి లెక్కపెట్టుకో పో అంది. వాడు ఏడ్చాడు. అలా అనకూడదని తనకి చెప్పాలి.

ఇంకా చెప్పలేదు.